అర పాయింటు చాలనుకున్న ఆట: కారో-కాన్ రక్షణపై ఒక కేస్ స్టడీ

చదరంగం పోటీలో చివరి రౌండుకు ముందు ఆ అమ్మాయికి కావలసింది అర పాయింటు. డ్రా చేసుకుంటే తన వయసు విభాగంలో పై పోటీకి ఎంపికవుతుంది. నల్ల పావులు వచ్చాయి. ఎదుటి అమ్మాయి రేటింగు ఇంచుమించు సమానమే. హాలు బయట నీళ్ళ సీసా చేతిలో పట్టుకుని, "సార్, కారో-కాన్ వేస్తాను, అది గట్టిది కదా" అని అడిగింది. నేను "సరే" అన్నాను. రెండున్నర గంటల తర్వాత ఓడి బయటికి వచ్చింది.

ఓటమి సంగతి అలా ఉంచితే, స్కోరు షీటు చూసినప్పుడు నన్ను కలవరపెట్టినది వేరొకటి ఉంది. అందులో ఘోరమైన తప్పు ఒక్కటీ లేదు. పావును ఊరికే ఇచ్చేయలేదు, చెక్‌మేట్ చూడకుండా వదిలేయలేదు. అన్నీ "మంచి" ఎత్తులే. అయినా ఇరవయ్యో ఎత్తు వచ్చేసరికి ఆమె పావులకు కదలడానికి గడులు లేవు. గట్టి ఓపెనింగ్ (ఆటను మొదలుపెట్టే ఎత్తుల పద్ధతి) అని పేరున్నదానిలో ఇలా ఎందుకు జరుగుతుందో విడమరచి రాయడానికే ఈ కేసును ఎంచుకున్నాను.

మొదట రాత పద్ధతి గురించి ఒక మాట. నిలువు వరుసల అక్షరాలను మన లిపిలో, అడ్డ వరుసల అంకెలను మామూలుగా రాస్తున్నాను: ఎ నుంచి హెచ్ వరకు నిలువు వరుసలు, 1 నుంచి 8 వరకు అడ్డ వరుసలు. పావు పేరు లేకుండా గడి మాత్రమే రాస్తే అది బంటు ఎత్తు. పావుల్లో రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు మనకు అలవాటైన పేర్లే. శకటాన్ని మాత్రం శిక్షణలో అందరం బిషప్ అనే పిలుస్తాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

ఆ అమ్మాయికి ఈ ఓపెనింగ్ నేర్పింది నేనే, అందుకు కారణాలున్నాయి. నా దగ్గరికి వచ్చినప్పుడు సిసీలియన్ అనే మరో ఓపెనింగ్ ఆడేది. ఎవరో ఆన్‌లైన్‌లో చెప్పిన పదునైన వరుసలు పది పన్నెండు ఎత్తుల వరకు బట్టీ పట్టి వేసేది. ఎదుటివాళ్ళు పదకొండో ఎత్తులో దారి తప్పితే ఏం చేయాలో తోచక, మధ్యలోనే ఉండిపోయిన రాజుతో ఓడిపోయేది. ఆట మొదట నేర్పింది వాళ్ళ తాతగారు. వాళ్ళింట్లో ఆడే పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. అందుకేనేమో, సి6 అని బంటును ఒకే ఒక్క గడి జరిపి మొదలుపెట్టే ఆటను చూపించగానే ఆమె ముఖంలో ఒక నెమ్మది కనిపించింది. నాకూ ఇది సరైన మందే అనిపించింది. ఇప్పటికీ ఆ ఎంపిక తప్పని అనుకోవడం లేదు.

తెలుపు ఇ4 వేస్తే నలుపు సి6. తెలుపు డి4 వేస్తే నలుపు డి5. ఇదే కారో-కాన్. బెర్లిన్‌లో ఉండే హొరేషియో కారో, వియన్నాకు చెందిన మార్కస్ కాన్ దీన్ని 1886లో విశ్లేషించి ప్రచురించారు. దానికి ముందు ఏడాది హాంబర్గ్‌లో కాన్ ఇదే ఓపెనింగ్‌తో జాక్వెస్ మీసెస్‌ను 24 ఎత్తుల్లోనే ఓడించాడు. ఆ తర్వాత కాపబ్లాంకా, బోట్విన్నిక్, పెట్రోసియన్, కార్పోవ్ లాంటి ప్రపంచ ఛాంపియన్లు దీన్ని నమ్ముకున్నారు. 1958లో స్మిస్లోవ్ నుంచి కిరీటాన్ని తిరిగి గెలుచుకున్న మ్యాచ్‌ను బోట్విన్నిక్ నల్ల పావులతో కారో-కాన్ వేసి గెలిచి మొదలుపెట్టాడు. పిరికివాళ్ళు ఎంచుకునే ఆట ఇది కాదని మొదటిరోజే పిల్లలకు చెప్పడానికి నేను వాడే ఉదాహరణ అదే.

దీని బలం ఒక్క బిషప్‌లో ఉంది. ఫ్రెంచ్ రక్షణ అనే మరో పద్ధతిలో నలుపు ఇ6 వేసి డి5 బంటుకు ఆసరా ఇస్తుంది. ఆసరా దొరుకుతుంది కానీ సి8 మీది బిషప్‌కు తలుపు మూసుకుపోతుంది. కారో-కాన్‌లో ఆ ఆసరా సి6 బంటు ఇస్తుంది కాబట్టి బిషప్ ముందు ఎఫ్5కో జి4కో బయటికి వెళ్తుంది, తర్వాతే ఇ6 వేసి ఇంటి తలుపు మూసుకోవచ్చు. బంట్ల వరుసలో పగుళ్ళుండవు. ఒంటరి బంటు, జంట బంటు, వెనకబడిన బంటు లాంటి రోగాలు నలుపుకు సాధారణంగా తక్కువగా వస్తాయి. పావులు మార్పిడి అయ్యేకొద్దీ నలుపుకు ఊపిరాడుతుంది. పావులు తగ్గిన చివరి దశ ఎండ్‌గేమ్‌కు చేరితే నలుపు నిలబడే నేల గట్టిగా ఉంటుంది.

ప్రధాన వరుసనే చూడండి. తెలుపు మూడో ఎత్తులో గుర్రాన్ని సి3కి తెస్తే నలుపు ఇ4 బంటును కొడుతుంది, గుర్రం తిరిగి కొడుతుంది, నలుపు బిషప్ ఎఫ్5కి వస్తుంది. గుర్రం జి3కి వెళ్ళి తరిమితే బిషప్ జి6కి. తెలుపు హెచ్4 వేస్తే నలుపు హెచ్6. ఆ బంటు హెచ్5 దాకా వచ్చాక బిషప్ హెచ్7కి చేరుతుంది. తెలుపు డి3 మీద తన బిషప్‌ను ఎదురుపెట్టి మార్పిడి చేసుకుంటుంది. చూడడానికి తెలుపు తరిమి తరిమి కొట్టినట్టుంటుంది. కానీ లెక్క చూస్తే హెచ్5 మీది ఆ బంటు తన ఇంటికి చాలా దూరం వచ్చేసింది. మంత్రులు పోయాక అది కాపాడుకోవలసిన బరువుగా మారవచ్చు. ఈ ఓపెనింగ్ స్వభావమంతా ఆ హెచ్5 బంటులో కనిపిస్తుంది: ఇప్పుడు కొంచెం ఒదిగి ఉండు, తర్వాత వసూలు చేసుకో.

ఆ అమ్మాయి ఈ ఓపెనింగ్‌తో మొదటి కొన్ని నెలలు బాగా ఆడింది. ముఖ్యంగా తెలుపు మూడో ఎత్తులోనే డి5ను కొట్టి, నలుపు సి బంటుతో తిరిగి కొట్టే మార్పిడి వరుసలో ఆమె ఆట నాకు ఎంతో సంతోషం కలిగించింది. 1970లో బెల్‌గ్రేడ్‌లో ఫిషర్ పెట్రోసియన్ మీద ఈ వరుసతోనే, నాలుగో ఎత్తులో బిషప్‌ను డి3కి తెచ్చి గెలిచాడు. అంటే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇందులో నలుపుకు సి వరుస సగం తెరుచుకుంటుంది, అంటే అక్కడ తన బంటు ఉండదు. మంత్రి వైపు, అంటే ఎ, బి, సి వరుసల్లో, నలుపుకు రెండే బంట్లు, తెలుపుకు మూడు. ఆ రెండింటిలోని బి బంటును బి5కి, అక్కడి నుంచి బి4కి తోసి మూడింటి గొలుసును చెదరగొట్టాలి. తక్కువ మంది ఎక్కువ మంది మీదికి వెళ్ళడం వింతగా అనిపిస్తుంది. కానీ చివరికి తెలుపు సి3 బంటు ఒంటరిగా మిగిలి, దాని మీద రెండు ఏనుగుల భారం పడుతుంది. ఆమె ఆ పనిని ఓపికగా, అడుగడుగూ పూర్తి చేసి ఒక ఆట గెలిచింది. కారో-కాన్‌లో కూడా ఎదుటివాళ్ళ మీదికి వెళ్ళడం ఉంటుందని అప్పుడే ఆమెకు తెలిసి ఉండవలసింది. నేను ఆ మాట గట్టిగా చెప్పలేదు. "భలే నిలబడ్డావు" అన్నాను. ఆమె మనసులో "నిలబడడం" అన్న మాటే నాటుకుంది.

ఇక చివరి రౌండు ఆట. తెలుపు మూడో ఎత్తులో ఇ5 తోసింది. దీన్ని అడ్వాన్స్ వరుస అంటారు. నేటి కాలంలో కారో-కాన్‌కు అసలైన పరీక్ష ఇదే. తెలుపు ఒక్క ఎత్తుతో బల్ల మీద స్థలం కొనుక్కుంటుంది. ఇ5 బంటు వల్ల నల్ల గుర్రానికి సహజమైన ఎఫ్6 గడి పోతుంది. సి6 మీద బంటు ఉంది కాబట్టి రెండో గుర్రానికి సి6 కూడా లేదు. రెండు గుర్రాలూ డి7, ఇ7 గడుల దగ్గర ఒకదాని భుజం ఒకటి తోసుకుంటూ, ఎఫ్8 మీది బిషప్‌కు అడ్డుపడతాయి. గట్టి గోడ కట్టుకున్నందుకు నలుపు ఇచ్చుకునే వెల ఇది.

ఆమె బిషప్‌ను ఎఫ్5కి తెచ్చింది. తెలుపు గుర్రం ఎఫ్3, నలుపు ఇ6. తెలుపు బిషప్ ఇ2, నలుపు గుర్రం డి7. ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ నైజెల్ షార్ట్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పైకి ఏ బెదిరింపూ ఉండదు, తెలుపు మెల్లగా పావులు పేర్చుకుంటుంది. తెలుపు కోట కట్టుకుంది (రాజును ఏనుగు వైపు జరిపి భద్రపరిచే ఎత్తు), నలుపు గుర్రం ఇ7. తెలుపు రెండో గుర్రం డి2, నలుపు హెచ్6. ఆ గుర్రం బి3కి వచ్చింది, నలుపు గుర్రం జి6కి వెళ్ళింది. అప్పుడు తొమ్మిదో ఎత్తులో తెలుపు ఎఫ్3 మీది గుర్రాన్ని వెనక్కి, ఇ1కి తీసుకెళ్ళింది.

"ఇక్కడ నీకేమనిపించింది?" అని అడిగాను.

"గుర్రం వెనక్కి పోయింది కదా సార్, ఆమెకు ఏం చేయాలో తోచడం లేదనుకున్నాను."

ఈ జవాబులోనే జబ్బు ఉంది. ఆ గుర్రం వెనక్కి పోయింది ఎఫ్ బంటుకు దారి ఇవ్వడానికి. ఎఫ్4, తర్వాత జి4, తర్వాత ఎఫ్5: నలుపు మీద గోడ కూలబోతోంది. అయితే అదే ఎత్తు నలుపుకు ఒక తలుపు కూడా తెరిచింది. ఎఫ్3 గుర్రం ఉన్నంతసేపు ఇ5 బంటుకు కాపలా ఉంది. అది వెళ్ళిపోయాక ఇ5ను కాస్తున్నది డి4 బంటు ఒక్కటే. ఆ క్షణంలో నలుపు సి5 తోసి ఉంటే? తెలుపు డి బంటుతో కొడితే ఇ5 దిక్కులేనిదవుతుంది, డి7 గుర్రం దాన్ని తీసుకుంటుంది. మధ్య బంట్లన్నీ పోయి తెలుపు దాడికి పునాదే ఉండదు. కాబట్టి తెలుపు సి3 వేసి నిలదొక్కుకోవాలి, అంతలో నలుపు సి వరుసలో పని మొదలుపెడుతుంది.

ఆమె ఆ ఎత్తు చూడనేలేదు. బిషప్‌ను ఇ7కి తెచ్చి కోట కట్టుకుంది, ఏనుగును సి8కి జరిపింది, ఎ6 వేసింది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పు పట్టలేని ఎత్తులు. తెలుపు ఎఫ్4 వేసింది, జి4 వేసి బిషప్‌ను హెచ్7కి తరిమింది, ఎఫ్5 తోసింది. జి6 గుర్రం హెచ్8 మూలకు వెళ్ళి కూర్చుంది. హెచ్7లో బిషప్, హెచ్8లో గుర్రం, జి8లో రాజు. తన ఇంట్లో తనే ఖైదీ అయింది. ఆ తర్వాతి పది ఎత్తులు రాయడం అనవసరం.

మరుసటి వారం తరగతిలో ఆమె ఆటను పక్కనపెట్టి, ఒక ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆటను బల్ల మీద పేర్చాను. ఎందుకంటే "డ్రా చాలు, కాబట్టి కారో-కాన్" అన్న ఆలోచన ఒక చిన్నపిల్లది మాత్రమే కాదు. చదరంగ చరిత్రలో ఎంతో ఖరీదైన ఒక అర పాయింటు కోసం ఒక మహా ఆటగాడు వేసిన ఎత్తు కూడా అదే.

స్విట్జర్లాండ్‌లోని బ్రిస్సాగో, 2004 అక్టోబరు 18. పద్నాలుగు ఆటల మ్యాచ్‌లో ఆఖరి ఆట. హంగరీకి చెందిన పీటర్ లేకో 7-6తో ముందున్నాడు. డ్రా చేస్తే వ్లాదిమిర్ క్రామ్నిక్ నుంచి ప్రపంచ కిరీటం అతనిదవుతుంది. లేకోను ఓడించడం చాలా కష్టమని పేరు. నల్ల పావులతో కారో-కాన్ వేశాడు. క్రామ్నిక్ మూడో ఎత్తులో ఇ5 తోశాడు, లేకో బిషప్‌ను ఎఫ్5కి తెచ్చాడు, క్రామ్నిక్ నాలుగో ఎత్తులో హెచ్4 వేశాడు.

మాజీ ప్రపంచ ఛాంపియన్ తాల్ పేరుతో పిలిచే ఈ హెచ్4 వెనక ఒక వల ఉంది. పిల్లలు దీన్ని తప్పకుండా తెలుసుకోవాలి. నలుపు అలవాటుగా ఇ6 వేస్తే తెలుపు జి4 తోస్తుంది. బిషప్ ఇ4కి వెళ్తే ఎఫ్3, జి6కి వస్తే హెచ్5. దానికి పారిపోవడానికి గడి లేదు. ఒక బంటుకు బిషప్‌ను అమ్ముకోవలసిందే. కారో-కాన్ గర్వకారణం, గొలుసు బయటికి వచ్చిన ఆ బిషప్పే. అదే అయిదో ఎత్తుకల్లా వేటకు గురవుతుంది.

లేకోకు ఇదంతా కరతలామలకం. హెచ్6 వేశాడు. క్రామ్నిక్ జి4 తోశాడు, బిషప్ డి7కి వెనుదిరిగింది. ఈ స్థితి దగ్గర ఆగి ఆ అమ్మాయిని అడిగాను: "ఇప్పుడు నలుపు ఇ6 వేస్తే బల్ల మీద ఏ ఓపెనింగ్ కనిపిస్తుంది?" కాసేపు చూసి "ఫ్రెంచ్ లాగా ఉంది సార్" అంది. అదే అసలు విషయం. బయటికి వెళ్ళిన బిషప్ మళ్ళీ ఇంటి వెనక్కి వచ్చి చేరింది. పైగా సి బంటు సి6 దగ్గర ఒకసారి ఆగింది, ఇప్పుడు సి5కి రావడానికి మరో ఎత్తు కావాలి. ఏ లాభం కోసం ఈ ఓపెనింగ్‌ను ఎంచుకున్నామో ఆ లాభం చేజారింది, చెల్లించిన వెల మాత్రం మిగిలిపోయింది.

లేకో వెంటనే సి5 తోశాడు, సరైన పని చేశాడు. తెలుపు కొట్టింది. నలుపు ఇ6 వేసి, బిషప్‌తో బంటును తిరిగి తీసుకుంది. కానీ తెలుపు గుర్రం ఆ బిషప్‌ను కొట్టేసింది. మంత్రి ఎ5 నుంచి చెక్ చెప్పి, సి5లో ఆ గుర్రాన్ని తీసుకున్నా, నలుపు మంచి బిషప్ పోయి డి7 మీది మొండి బిషప్ మిగిలింది. తన మధ్య బంట్లు తెల్ల గడుల మీదే ఉన్నాయి, అదీ తెల్ల గడుల బిషప్పే. పదహారో ఎత్తులో మంత్రులు కూడా మార్పిడి అయ్యాయి. డ్రా కావలసినవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఇక్కడ ఆట ఆపి ఏ పిల్లవాడిని అడిగినా "నలుపుకు ప్రమాదమేమీ లేదు" అనే అంటారు.

క్రామ్నిక్ మంత్రిని కొట్టింది రాజుతో. ఆ రాజు డి2లో నిలబడింది. మంత్రులు లేరు కాబట్టి దానికి కోట అక్కర్లేదు, అది ఇప్పుడు పోరాడే పావు. క్రామ్నిక్ ఏనుగులను సి1, జి1 గడులకు తెచ్చాడు. బి4, ఎ4, బి5 అంటూ బంట్లను నడిపి, ఇరవై అయిదో ఎత్తులో బి6 తోశాడు. అక్కడ ఆ బంటు ఏమీ చేస్తున్నట్టు కనిపించదు. దాన్ని గుర్తుపెట్టుకోమని పిల్లలకు చెప్పాను.

తర్వాత ఇరవై తొమ్మిదో ఎత్తులో తెలుపు గుర్రం ఎఫ్7 బంటును కొట్టింది, నలుపు ఏనుగు హెచ్4 బంటును తీసుకుంది. గుర్రం డి6కి వచ్చి చెక్ చెప్పింది. తెలుపు ఏనుగు జి1కి తిరిగి వెళ్ళి జి7ను లాక్కుంది. నలుపు ఏనుగు ఎ4 బంటును తినేసింది. ఇక్కడి నుంచి క్రామ్నిక్ బంట్ల లెక్క మానేశాడు. ఎఫ్4 వేశాడు. రాజు ఎఫ్3, జి4 గడుల మీదుగా ముందుకు నడిచింది. ఎఫ్5 తోసి ఒక బంటును, డి4 దగ్గర మరో బంటును వదిలేశాడు. రాజు జి5కి, అక్కడి నుంచి ఎఫ్6కి చేరింది. ఏనుగు సి7కి వచ్చింది. 41వ ఎత్తు గుర్రం ఎఫ్7, చెక్. లేకో ఆట వదులుకున్నాడు.

ఎందుకు వదులుకున్నాడో పిల్లలతోనే కనుక్కోమన్నాను. నలుపు రాజు ఇ8కి వెళ్ళాలి. ఏనుగు సి8 నుంచి చెక్ చెబుతుంది. రాజుకు మిగిలింది డి7 ఒక్కటే. అప్పుడు ఏనుగు డి8, చెక్‌మేట్. ఏనుగును గుర్రం కాపాడుతోంది. ఇ6, ఇ7 గడులను తెల్ల రాజు కాస్తోంది, డి6ను గుర్రం కాస్తోంది. సి6లో నలుపు బిషప్ తన రాజుకే అడ్డంగా కూర్చుంది. మరి సి7? అక్కడికి రాజు ఎందుకు పారిపోలేదు? ఆ అమ్మాయి వేలు బి6 బంటు మీద పెట్టింది. పద్దెనిమిది ఎత్తుల ముందు అక్కడికి వచ్చి మౌనంగా నిలబడిన ఆ బంటు ఈ ఒక్క గడి కోసమే కాచుకుని ఉంది. మ్యాచ్ 7-7తో ముగిసింది. సమానమైతే కిరీటం ఛాంపియన్‌దే కాబట్టి క్రామ్నిక్ ఛాంపియన్‌గానే మిగిలాడు.

ఈ ఆటలో లేకో ఓపెనింగ్‌ను తెలియక ఆడలేదు. సి5 సకాలంలోనే తోశాడు. నా అంచనాలో అతని కష్టమంతా డి7 మీది బిషప్‌తో మొదలైంది. అది ఇరవై ఎత్తుల తర్వాత కూడా బాగుపడలేదు. పావులు తగ్గేకొద్దీ నలుపుకు ఊపిరాడుతుందని పైన రాశాను. ఆ మాట మంచి పావులు మిగిలినప్పుడే నిజం. చెడ్డ బిషప్ మిగిలితే ప్రతి మార్పిడీ దాని చెడును మరింత పెంచుతుంది. పైన మొదట చెప్పిన బలాన్ని బట్టీ పట్టినవాళ్ళు ఈ రెండో సగాన్ని తెలుసుకోకుండానే పోటీలకు వెళ్తున్నారు. ఆ అమ్మాయి విషయంలో ఆ లోపం నా బోధనలోనే ఉంది.

గట్టి ఓపెనింగ్ కాబట్టి వరుసలు జ్ఞాపకం పెట్టుకోనక్కర్లేదన్నది కూడా ఒక అపోహ. 1950లో ఎస్టోనియా గ్రాండ్‌మాస్టర్ కెరెస్ పోలాండ్‌లోని ష్చావ్నో-జ్‌ద్రుయ్‌లో ఆర్లమోవ్‌స్కీతో ఆడిన ఆట చూడండి. నలుపు నాలుగో ఎత్తులో గుర్రాన్ని డి7కి తెచ్చింది, కెరెస్ మంత్రిని ఇ2లో పెట్టాడు. నలుపు రెండో గుర్రాన్ని ఎంతో సహజంగా ఎఫ్6కి తెచ్చింది. ఆరో ఎత్తు గుర్రం డి6, చెక్‌మేట్! ఇ7 బంటు మంత్రి చూపుకు కట్టుబడి కొట్టలేదు. 1997 మే 11న న్యూయార్క్‌లో కాస్పరోవ్‌కు జరిగింది ఇంకా బాధాకరం. డీప్ బ్లూ కంప్యూటర్‌తో ఆరో ఆట, స్కోరు సమానం. కాస్పరోవ్ కారో-కాన్ వేసి, బిషప్‌ను డి6కి తేవలసిన చోట ముందుగా హెచ్6 వేశాడు. యంత్రం ఇ6 మీద గుర్రాన్ని బలి ఇచ్చింది. కోట కట్టుకునే దారే లేకపోయింది, 19 ఎత్తుల్లో ఆట ముగిసింది. రెండు చోట్లా ఓపెనింగ్ లోపం కాదు, ఎత్తుల వరుసలో లోపం. ఒదిగి ఆడే ఓపెనింగ్‌లో స్థలం తక్కువ కాబట్టి, ఒక్క పావు తప్పు గడిలో ఉన్నా రాజుకు గాలి ఆడదు.

ఇక చికిత్స. మొదట నేను బల్ల తిప్పాను. మూడు వారాలు ఆ అమ్మాయి అడ్వాన్స్ వరుసను తెల్ల పావులతోనే ఆడింది, నలుపు నేను. నల్ల పావులు ఎప్పుడు ఇబ్బంది పెడుతున్నాయో తెలుపు కుర్చీలోంచి చూస్తేనే తెలుస్తుంది. రెండో రోజే ఆమె ఒక మాట అంది: "సార్, మీరు సి5 తోసినప్పుడల్లా నా ఎత్తు మారిపోతోంది. మీరు ఏనుగును జరిపినప్పుడు మాత్రం నేను అనుకున్నదే వేసుకుంటున్నాను." నేను పది తరగతుల్లో చెప్పలేకపోయినది ఆమె ఆ కుర్చీలో కూర్చుని తనంతట తాను కనుక్కుంది.

తర్వాత, హెచ్4కు జవాబుగా మేము హెచ్6 మానేసి హెచ్5 ఎంచుకున్నాం. జి4 రాకుండా అడ్డుకుంటుంది కాబట్టి బిషప్ ఎఫ్5లో బతుకుతుంది. తెలుపు బిషప్‌ను డి3కి తెచ్చి మార్పిడి చేసుకుంటే, నలుపు మంత్రి ఎ5 నుంచి చెక్ చెప్పి ఎ6కి వెళ్ళి మంత్రుల మార్పిడి అడగవచ్చు. అప్పటికి తెల్ల గడుల బిషప్ మార్పిడి అయిపోయింది కాబట్టి, బ్రిస్సాగోలోలాగా చెడ్డ బిషప్ మిగిలే ప్రమాదం లేదు. దీనికీ వెల ఉంది: జి5 గడి తెలుపుది అయిపోతుంది, నలుపు అక్కడ ఇక హెచ్ బంటుతో తరమలేదు. తన వెల ఏమిటో తెలిసి ఆడడం వేరు, తెలియక ఆడడం వేరు.

స్కోరు షీటు రాసే అలవాటులోనూ ఒక మార్పు చేశాం. ఇంట్లో సాధన ఆటలు ఆడేటప్పుడు, ఎదుటివాళ్ళ గుర్రం ఎఫ్3 నుంచి కదిలినా, డి4 మీద కాపలా తగ్గినా, ఆ ఎత్తు పక్కన చిన్న చుక్క పెట్టాలి. చుక్క పెట్టిన చోట సి5 గురించి కనీసం రెండు నిమిషాలు ఆలోచించాలి. పోటీలో షీటు మీద చుక్కలు పెట్టకూడదు, అక్కడ అది మనసులో పడాలి. మొదట్లో ఒక్కో ఆటలో ఏడెనిమిది చుక్కలు పెట్టేది. ఇప్పుడు రెండో మూడో పెడుతుంది, అవి చాలావరకు సరైన చోటే ఉంటాయి.

నాలుగోది, అడ్వాన్స్ వరుసకు రెండో ఆయుధం: మూడో ఎత్తులోనే సి5. 1961లో తాల్‌తో జరిగిన మ్యాచ్‌లో బోట్విన్నిక్ వాడినది ఇదే. బిషప్‌ను బయటికి తేవాలన్న పట్టుదల వదిలేసి, తెలుపు గోడ సిమెంటు ఆరకముందే తట్టడం దీని ఉద్దేశం. ఆమె స్వభావానికి ఇది నచ్చదేమో అనుకున్నాను. తాతగారి దగ్గర నేర్చుకున్న ఓపిక ఒక పక్క, ఈ తొందర ఒక పక్క. నెల రోజుల తర్వాత ఆమే అడిగింది, పోటీలో వేయనా అని.

వేసింది. తెలుపు సి5ను కొట్టింది, ఆమె ఇ6 వేసింది. తెలుపు బంటును దాచుకోవడానికి బిషప్‌ను ఇ3లో పెట్టింది, ఆమె గుర్రాన్ని డి7కి తెచ్చింది. తెలుపు రెండో బిషప్‌తో బి5 నుంచి ఆ గుర్రాన్ని కట్టేసింది, ఆమె మంత్రి సి7. తెలుపు గుర్రం ఎఫ్3, ఆమె బిషప్‌తో సి5 బంటును తీసుకుంది. అక్కడ మార్పిడులు జరిగి మంత్రి సి5లో కూర్చుంది. తెలుపు గుర్రం సి3, ఆమె ఎ6. తెలుపు డి7ను కొట్టింది, ఆమె బిషప్‌తో తిరిగి కొట్టింది. తెలుపు కోట కట్టుకుంది, వెంటనే ఆమె బిషప్ డి7 నుంచి బి5కి దూకి ఎఫ్1 ఏనుగును తాకింది. గుర్రం దాన్ని కొడితే ఎ బంటుతో తిరిగి కొట్టి, ఎ వరుసలో తన ఏనుగుకు దారి తెరుచుకుంది. పద్దెనిమిదో ఎత్తులో ఎదుటి అమ్మాయి డ్రా అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది. చివరికి ఎండ్‌గేమ్‌లో అరవై ఎత్తులు దాటాక డ్రానే అయింది. అయినా హాలు బయటికి వచ్చి ఆమె చెప్పిన మొదటి మాట: "సార్, డి7 బిషప్ పోయింది. అది పోయాక నాకు భయం వేయలేదు."

ఆ సాయంత్రమే ఆటను మళ్ళీ పేర్చాం. ఎదుటి అమ్మాయి కోట కట్టకుండా మంత్రిని డి4కి తెచ్చి మార్పిడి అడిగి ఉంటే, డి4 మీద తెలుపు గుర్రం స్థిరపడి, డి7 బిషప్‌కు బి5 దొరికేది కాదు. బ్రిస్సాగో బిషప్ మళ్ళీ వచ్చేది. ఈ వారం మేము ఆ స్థితి నుంచే ఆడుతున్నాం, తెల్ల పావులు ఆమెవి.